చైనీస్‌లో ‘క్లాసిక్’ అనడం ఎలా? మింగ్‌ట్చు, చింగ్‌తియెన్, కుతియెన్‌లలో ఏది ఎక్కడ వాడాలి

చైనీస్ నేర్చుకునేవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది: “క్లాసిక్ అనడానికి డిక్షనరీలో మూడు మాటలున్నాయి. ఏది వాడినా సరిపోతుందా?” సరిపోదు. మనం తెలుగులో క్లాసిక్ అనే ఒక్క మాటతో పుస్తకాన్నీ, పాత సినిమానీ, కర్ణాటక సంగీతాన్నీ, పక్కింటాయన వేసిన జోకునీ లాగించేస్తాం. చైనీస్‌లో ఆ నాలుగింటికీ ఒకే మాట నడవదు. ముందు ఒక నిర్ణయం తీసుకుని ఆ తర్వాత నోరు తెరవాలి. ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో, తీసుకున్నాక మాట ఎలా పలకాలో, టైప్ చేయాలో, సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలో కింద చెబుతున్నాను.

కావాల్సినవి

- చైనీస్ పిన్‌యిన్ కీబోర్డ్ పెట్టుకున్న ఫోన్. పిన్‌యిన్ అంటే ఇంగ్లిష్ అక్షరాలతో చైనీస్ ఉచ్చారణ రాసే పద్ధతి.
- ఒక డిక్షనరీ యాప్. ప్లెకో ఉంటే చాలు, ఉచితంగా దొరికే భాగంతోనే పని జరిగిపోతుంది.
- గళ్ల నోట్‌బుక్. లిపి రాయనక్కర్లేదు అనుకునేవాళ్లు దీన్ని వదిలేయవచ్చు, కానీ మూడో మెట్టు దగ్గర ఇబ్బంది పడతారు.
- మీ తప్పుకు నవ్వినా ఆ తర్వాత సరిదిద్దే చైనీస్ మిత్రుడో, టీచరో. దొరక్కపోతే ఆరో మెట్టులో వేరే దారి ఉంది.

ఇక్కడ మాటల పక్కన బ్రాకెట్లలో వేసిన అంకెలు టోన్లు. 1 అంటే హార్మోనియం మీద ఒక పై మెట్టు నొక్కి పట్టినట్టు. 2 అంటే “ఏంటీ?” అని ఆశ్చర్యంగా అడిగినప్పటిలా కింది నుంచి పైకి. 3 అంటే ఇష్టం లేకుండా “ఊఁ…” అన్నట్టు గొంతు కిందికి దిగిపోవడం. 4 అంటే “పో!” అని కసిరినట్టు. 0 ఉన్నచోట టోన్ లేదు, తేలిగ్గా వదిలేయండి.

1. ముందు మీరేమంటున్నారో తేల్చుకోండి

మూడు ప్రశ్నలు వేసుకోండి.

నేను చెప్పేది ఎవరో రాసిన, పేరుపడ్డ పుస్తకమా? అయితే మింగ్‌ట్చు (2-4). మింగ్ అంటే పేరు, పేరున్న. ట్చు అంటే రచన. కాబట్టి ఇది రాసినదానికే వర్తిస్తుంది. సినిమా, పాట, కారు మింగ్‌ట్చు కావు.

‘దీన్ని మించింది లేదు, ఎప్పటికీ నిలిచేది’ అని మెచ్చుకుంటున్నానా? అయితే చింగ్‌తియెన్ (1-3). ఇది దేనికైనా వస్తుంది. పుస్తకం, సినిమా, డైలాగు, షూ మోడల్, క్రికెట్ మ్యాచ్, ఏదైనా సరే.

ప్రాచీన కాలానిదనో, శాస్త్రీయ పద్ధతిదనో చెబుతున్నానా? అయితే కుతియెన్ (3-3). ఇందులో మెచ్చుకోలు లేదు, ఏ కోవకు చెందిందో మాత్రమే చెబుతుంది. కుతియెన్ యిన్‌యుయె (3-3-1-4) అంటే శాస్త్రీయ సంగీతం, కుతియెన్ వన్‌శుయె (3-3-2-2) అంటే ప్రాచీన సాహిత్యం. మన తెలుగుకు 2008లో వచ్చిన ప్రాచీన భాష హోదా గురించి చైనా మిత్రులకు చెప్పాలంటే ఈ మాటే కావాలి: థాయ్‌లుకు యు షి యిన్‌తు త కుతియెన్ యుయెన్ ట్చ యి. అంటే ‘తెలుగు భారతదేశపు ప్రాచీన భాషల్లో ఒకటి’.

ఒకే వస్తువు రెండు గళ్లలో పడవచ్చు. కంగారు పడొద్దు. ‘చైనా ప్రాచీన క్లాసిక్ నవలలు’ అనడానికి ట్చుంగ్‌కువో కుతియెన్ మింగ్‌ట్చు అని రెండు మాటలూ పక్కపక్కనే పెడతారు. మొదటిది కాలం, రెండోది స్థాయి.

2. పలకడం: ఇంగ్లిష్ కళ్లతో చూడకండి, తెలుగు చెవితో వినండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. మనవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే, నిజానికి మనకు అనుకూలంగా ఉన్నదీ ఇక్కడే.

పిన్‌యిన్‌లో ‘డి’ అక్షరం కనిపిస్తే మనం డ అనో ద అనో చదివేస్తాం. చైనీస్‌లో అది త. ‘బి’ కనిపిస్తే ప, ‘జి’ (ఎఫ్ తర్వాతి అక్షరం) కనిపిస్తే క, ‘జె’ కనిపిస్తే చిన్నలో ఉన్న చ. ఒత్తు లేనివన్నమాట. ‘టి’, ‘పి’, ‘కె’, ‘క్యు’ కనిపిస్తే వాటికి ఒత్తు ఉంటుంది: థ, కడుపులోంచి గాలి వదిలే ప్హ, ఖ, ఛ. క, ఖ తేడా చిన్నప్పుడే దిద్దినవాళ్లం మనం. ఇంగ్లిష్ అలవాటును పక్కన పెడితే ఈ తేడా మనకు అప్పనంగా వస్తుంది. అందుకే నేను జింగ్‌డియాన్ అని రాయకుండా చింగ్‌తియెన్ అని రాస్తున్నాను.

ఇలాంటివే మరో రెండు లాభాలున్నాయి. పిన్‌యిన్‌లో ‘ఎక్స్’ మన శకారానికి దగ్గర, ‘ఎస్-హెచ్’ మన షకారానికి దగ్గర. శ, ష ఒకేలా పలికే అలవాటుంటే ఇప్పుడు విడదీసుకోండి. మింగ్ చివర వచ్చే శబ్దం మన ఙ. వర్ణమాలలో దీనితో ఏం పని అనుకున్నాం కదా, వాఙ్మయంలో ఉన్నది అదే. ‘గ్’ వినిపించకుండా ముక్కులోనే ఆపేయండి. మింగ్ అని రాశాను కదా అని చివర గకారాన్ని నొక్కకండి.

ట్చు దగ్గర ఆగండి. నాలుకను ట పలికే చోటికి వెనక్కి మడిచి, అక్కడి నుంచి చ పలకండి. ఝు కాదు, జూ కాదు. వార్తల్లో వినిపించే ‘ఝు’ ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చదివినది.

హెచ్చరిక: ఈ మూడు పొరపాట్లు అందరూ చేస్తారు

ఙ పోయి న్ వచ్చి, నాలుగో టోన్ మూడో టోన్‌గా మారితే మింగ్‌ట్చు (2-4) కాస్తా మిన్‌ట్చు (2-3) అవుతుంది. దాని అర్థం ప్రజాస్వామ్యం. కొత్తలో నేను ఒకాయన్ని ఎంతో మర్యాదగా “మీ ఇంట్లో క్లాసిక్స్ ఉన్నాయా?” అని అడిగాననుకున్నాను. ఆయన చెవికి “మీ ఇంట్లో ప్రజాస్వామ్యం ఉందా?” అని చేరింది. వాళ్లావిడ వంటింట్లోంచి ఏదో అంది, ఇద్దరూ పగలబడి నవ్వారు. ఏమందో నాకు అర్థం కాలేదు, టెన్షన్‌తో చెమటలు మాత్రం పట్టాయి.

చింగ్‌తియెన్ (1-3) మొదటి భాగాన్ని పైన పట్టి ఉంచకుండా కిందికి దించితే చింగ్‌తియెన్ (3-3) అవుతుంది. అంటే చూడదగ్గ టూరిస్టు ప్రదేశం. ‘ఈ పుస్తకం ఒక టూరిస్టు స్పాట్’ అని ఎన్నిసార్లు అనేశామో లెక్కలేదు.

ఇక కుతియెన్. మూడో టోన్లు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండో టోన్‌గా మారుతుంది. రాతలో 3-3 ఉన్నా నోట్లో 2-3 రావాలి. రెండూ కిందికి దించితే ఎవరికీ అర్థం కాకపోదు గానీ, బండి గతుకుల్లో పడ్డట్టు వినిపిస్తుంది.

3. టైప్ చేయండి, ఆకారం చూసి ఎంచుకోండి

మింగ్‌ట్చు కోసం వరసగా ఎం, ఐ, ఎన్, జి, జెడ్, హెచ్, యు కొట్టండి. మొదటి అక్షరంలో పైన నెలవంకలాంటి ఏటవాలు రూపం, కింద నోటికి గుర్తైన చతురస్రం ఉండాలి. పైది సాయంకాలం, కిందది నోరు. చీకట్లో ఒకరికొకరు కనిపించరు కాబట్టి నోటితో పేరు చెప్పుకుంటారు, అందుకే ఇది ‘పేరు’ అయిందని క్రీ.శ. 100 నాటి చైనీస్ నిఘంటువు వివరిస్తుంది. భాషాశాస్త్రం మాట ఎలా ఉన్నా గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కొక్కెం నాకు దొరకలేదు. ఈ అక్షరానికి 6 గీతలు. రెండో అక్షరానికి 11 గీతలు, నెత్తిన గడ్డి గుర్తు, అడుగున మధ్యలో అడ్డగీత ఉన్న పెట్టె.

చింగ్‌తియెన్‌తో జాగ్రత్త. క్లాసిక్, టూరిస్టు స్పాట్ రెండింటికీ కొట్టే ఇంగ్లిష్ అక్షరాలు ఒకటే, టోన్ కీబోర్డుకు తెలియదు. జాబితాలో రెండూ వస్తాయి. ఎడమ పక్క పట్టుదారం గుర్తు ఉన్న అక్షరంతో మొదలై, రెండు కాళ్ల మీద నిలబడ్డ అక్షరంతో ముగిసేది మనది. మొదటి అక్షరం నెత్తిన సూర్యుడి పెట్టె ఉండి, రెండోదాని కింద నాలుగు చుక్కలు ఉంటే అది టూరిస్టులది. తొందరలో మొదట కనిపించినదాన్ని నొక్కేయకండి.

ఆ పట్టుదారం గుర్తు ఊరికే రాలేదు. చింగ్ అంటే అసలు అర్థం మగ్గం మీది పడుగు, నిలువుపోగు. దాని జోడు వేయ్ (3), పేక. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో మగ్గం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు: పడుగు కదలదు, పేక దాని మీద అల్లుకుంటుంది. అలా కదలకుండా నిలిచే గ్రంథం చింగ్ అయింది. బౌద్ధ సూత్రాలను అనువదించినప్పుడు చైనీయులు వాడింది కూడా ఈ మాటే. సూత్రమన్నా దారమే కదా! రెండో అక్షరం తియెన్, బల్ల మీద పెట్టిన వెదురుపలకల పుస్తకం బొమ్మ నుంచి వచ్చింది. నిఘంటువుకు చైనీస్ మాట త్సతియెన్ (4-3)లో ఉన్నదీ అదే.

4. లెక్కపెట్టే మాట మరవకండి

చైనీస్‌లో ‘ఒక క్లాసిక్’ అని నేరుగా అనలేం. మనం ‘ఇద్దరు మనుషులు’, ‘రెండు పుస్తకాలు’ అని వేరు చేసినట్టే వాళ్లకు ప్రతి వస్తువుకూ ఒక లెక్కమాట ఉంటుంది. మింగ్‌ట్చుకు అది పు (4). యి పు మింగ్‌ట్చు (2-4-2-4) అంటే ఒక క్లాసిక్. ఒకటికి అసలు టోన్ 1, నాలుగో టోన్ ముందు మాత్రం 2 అవుతుంది.

రెండు అనేటప్పుడు ‘అర్’ వాడకండి, లియాంగ్ పు (3-4) అనాలి.

షాపులో చేతికి తీసుకునే కాపీలను లెక్కపెడితే మాత్రం పన్ (3). రచన ఒకటే అయినా నాలుగు సంపుటాలుంటే అది యి పు, స్స పన్ (4-3). నాలుగుకు మాట స్స (4), పాము బుసకొట్టినట్టు పలకండి. ఏం చెప్పాలో తోచనప్పుడు అన్నిటికీ వాడే ‘క’ (4) అన్నా అర్థమవుతుంది, కాకపోతే ‘నలుగురు పుస్తకాలు’ అన్నట్టు ఉంటుంది.

5. వాక్యంలో పెట్టండి

విశేషణం ముందు, నామం తర్వాత. మన వరసే. షిచియె మింగ్‌ట్చు (4-4-2-4) ప్రపంచ క్లాసిక్, వన్‌శుయె మింగ్‌ట్చు (2-2-2-4) సాహిత్య క్లాసిక్. ‘నేను చదివిన క్లాసిక్’ కూడా తెలుగులో ఉన్నట్టే వస్తుంది: వో తుకువో త మింగ్‌ట్చు (3-2-0-0-2-4). వో నేను, తుకువో త చదివిన. ఇంగ్లిష్‌లో ఆలోచించి తిరగేసేవాళ్లే ఇక్కడ తికమకపడతారు. అయితే మామూలు వాక్యంలో క్రియ మధ్యకు వస్తుంది: వో తు మింగ్‌ట్చు, నేను చదువుతాను క్లాసిక్స్.

మింగ్‌ట్చు నామం మాత్రమే. ముందు ‘చాలా’ (హన్, 3) పెట్టి హన్ మింగ్‌ట్చు అనకూడదు. తెలుగులో ‘చాలా గ్రంథంగా ఉంది’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. హన్ చింగ్‌తియెన్ అనవచ్చు. సినిమా చూసి బయటికొస్తూ “థాయ్ చింగ్‌తియెన్ ల!” (4-1-3-0) అంటే “అబ్బ, క్లాసిక్!” అన్నట్టే. ఎవరైనా తెలివితక్కువ పని చేసినప్పుడు ఎగతాళిగా కూడా ఇదే అంటారు, స్వరాన్ని బట్టి అర్థం చేసుకోవాలి. 1957 నాటి మాయాబజార్ గురించి చెబితే చింగ్‌తియెన్ తియెన్‌యింగ్ (1-3-4-3), క్లాసిక్ సినిమా. 1897లో అచ్చయిన కన్యాశుల్కం గురించైతే థాయ్‌లుకు యు వన్‌శుయె మింగ్‌ట్చు.

కొన్ని మాటలు అచ్చుగుద్దినట్టు అలాగే ఉండాలి, మార్చకూడదు. అందరికన్నా ముందు నేర్చుకోవాల్సింది స్స తా మింగ్‌ట్చు (4-4-2-4), ‘నాలుగు మహా క్లాసిక్స్’. ఆ నాలుగూ ఇవి: సాన్‌కువో యెన్‌యి (మూడు రాజ్యాల కథ), షుయిహు ట్చువాన్ (నీటిగట్టు వీరుల కథ), శియౌ చి (పడమటి యాత్ర), హోంగ్‌లౌ మంగ్ (ఎర్రమేడ కల). చివరిది 1791లో 120 అధ్యాయాలతో అచ్చయింది. ఇక్కడ మింగ్‌ట్చు తీసేసి చింగ్‌తియెన్ పెడితే ఏ నాలుగు అని వాళ్లు అడుగుతారు. కన్‌ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలకు వేరే లెక్క ఉంది, స్స షు వు చింగ్ (4-1-3-1), ‘నాలుగు పుస్తకాలు, ఐదు చింగ్‌లు’. ఈ రెండు నాలుగులనూ కలిపేయడం మరో మామూలు తప్పు.

శియౌ చి గురించి ఒక్క మాట. అందులో సన్యాసి బయల్దేరేది చింగ్ తెచ్చుకోవడానికి, మన దేశానికి. ఆ పాత్రకు మూలమైన శ్వెన్‌త్సాంగ్, మన పాఠ్యపుస్తకాల హుయాన్‌త్సాంగ్, 7వ శతాబ్దంలో నిజంగానే వచ్చి ధాన్యకటకం గురించి కూడా రాశాడు. దాన్నుంచే ఛుచింగ్ (3-1), ‘చింగ్ తెచ్చుకోవడం’ అనే మాట ఇప్పుడు ఇంకొకరి అనుభవం నుంచి నేర్చుకోవడానికి వాడుకలో ఉంది. పక్క ఫ్యాక్టరీకి వెళ్లి వాళ్ల పద్ధతులు చూసొచ్చినా ఛుచింగే.

రామాయణ, మహాభారతాల గురించి చెప్పాల్సి వస్తే మింగ్‌ట్చు అన్నా తప్పులేదు, కానీ చైనాలో వాటికి అలవాటైన మాట షిషి (3-1), ఇతిహాసం. లియాంగ్ తా షిషి, ‘రెండు మహా ఇతిహాసాలు’ అనగానే భారతదేశమే గుర్తొస్తుంది చదువుకున్నవాళ్లకు.

రచయిత ఎదురుగా ఉంటే ఆయన కొత్త పుస్తకాన్ని మింగ్‌ట్చు అనకండి, మునగచెట్టు ఎక్కించినట్టుంటుంది. తాత్సువో (4-4) అనండి, ‘తమరి గ్రంథం’ అన్నంత మర్యాద. మీ సొంత పుస్తకాన్ని మాత్రం తాత్సువో అనుకోకూడదు. అక్కడ ట్చువోత్సువో (1-4), ‘నా మొరటు రాత’.

6. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌ను చైనీస్‌కు మార్చి మాట ఒక్కటే పలకండి. వాక్యం మొత్తం పలికితే ఫోన్ సందర్భాన్ని బట్టి మీ తప్పును తనే దిద్దేస్తుంది, అప్పుడు మీకు తెలియదు. ఒంటరి మాటకు ఐదుసార్లలో నాలుగుసార్లు సరైన అక్షరాలు వస్తే ముందుకెళ్లండి.

టైప్ చేసింది సరైనదో కాదో చూడటానికి ఆ మాటను కాపీ చేసి ఇమేజ్ సెర్చ్‌లో వేయండి. పుస్తకాల అట్టలు వస్తే మింగ్‌ట్చు. కొండలు, గోపురాలు, టికెట్ కౌంటర్లు వస్తే మీరు టూరిస్టు స్పాట్ నొక్కారు.

తర్వాత ఈ ఐదింటికి ఏ మాట వాడతారో కాగితం మీద రాసుకుని, కింద సరిచూసుకోండి.

అ) మా తాతయ్య బీరువా నిండా క్లాసిక్సే.
ఆ) ఆ డైలాగ్ క్లాసిక్.
ఇ) మా అమ్మాయి క్లాసికల్ డాన్స్ నేర్చుకుంటోంది.
ఈ) సార్, మీ నవల చదివాను.
ఉ) ఈ సినిమా ఒక క్లాసిక్ నవల ఆధారంగా తీశారు.

జవాబులు: అ) మింగ్‌ట్చు. ఆ) హన్ చింగ్‌తియెన్. ఇ) కుతియెన్ వు (3-3-3), అయితే ముందు యిన్‌తు (భారతదేశం) చేర్చండి, లేకపోతే చైనా శాస్త్రీయ నృత్యం అనుకుంటారు, కూచిపూడి అని తట్టదు. ఈ) తాత్సువో. ఉ) మింగ్‌ట్చు, దాని ముందు కాయ్‌పియెన్ త్స (3-1-4), ‘నుంచి మలిచినది’.

ఇ తప్పినవాళ్లు ఎక్కువమంది చింగ్‌తియెన్ రాసి ఉంటారు. ఒకటో మెట్టులో మూడో ప్రశ్న మళ్లీ చదవండి.

ఇంత చేశాక కూడా ఎదుటి మనిషి ముందు నోరు పెగలకపోతే త్సువోఫిన్ (4-3) అనేయండి. ‘రచన’ అని అర్థం, గొప్పదా కాదా అన్న పేచీ ఉండదు. అదీ గుర్తు రాకపోతే హావ్ షు (3-1), మంచి పుస్తకం.